నూటికి ఎన్ని

నవంబరు ఆరు, గురువారం, ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలు. టెక్కలిలోని ఒక నర్సింగ్ హోమ్‌లో మహాలక్ష్మి ఆపరేషన్ కాగితం మీద సంతకం పెట్టకుండా దాన్ని తిరిగి డాక్టరు బల్ల మీద పెట్టింది.

కాగితంలో ఆమె పేరుంది. వయసు నలభై తొమ్మిది అని ఉంది. కుడి రొమ్ము మొత్తం తీసివేయడానికి ఒప్పుకుంటున్నానని ఉంది. కింద రెండు గీతలున్నాయి. ఒకటి రోగి సంతకానికి, రెండోది బంధువు సంతకానికి. రెండో గీత మీద మనోహర్ అప్పటికే సంతకం పెట్టేశాడు.

"పెట్టు వొదినా," అన్నాడతను. "పెన్ను నీ సేతిలోనే ఉంది."

"ఉంది," అంది మహాలక్ష్మి. పెన్ను కాగితం పక్కన పెట్టింది.

మనోహర్ ఆమె భర్తకు తమ్ముడు. మందస దగ్గర వాళ్ల ఊళ్లో ఎవరికి ఆసుపత్రి పని పడినా మనోహర్‌కే కబురు వస్తుంది. ఏ కౌంటరు దగ్గర ఏ కార్డు చూపించాలో, ఏ స్కానింగు ఎన్ని గంటలకు మొదలవుతుందో అతనికి తెలుసు. డాక్టరు అడిగేది రోగినే అయినా జవాబు అతనే చెబుతాడు. రోగులకూ అదే సుఖంగా ఉండేది. అంతకు ముందు గురువారం మహాలక్ష్మిని తీసుకొచ్చినప్పుడూ అతనే చెప్పాడు.

డాక్టర్ గౌతమి క్యాన్సర్ సర్జన్. విశాఖలో పని చేస్తుంది. ప్రతి గురువారం టెక్కలి వచ్చి రోగుల్ని చూస్తుంది. ఆమె కాగితం వంక చూసింది, మహాలక్ష్మి వంక చూసింది.

"ఏం అనుమానం ఉందో అడగండి."

"మొత్తం తీసేత్తే మళ్లీ రాదా అండి?"

"అస్సలు రాదని చెప్పలేను. తక్కువ."

"తియ్యకపోతేనో?"

"తియ్యకపోడం అన్నదే నేదు వొదినా," అన్నాడు మనోహర్.

"ఉంది," అంది డాక్టరు. "గడ్డ వరకే తీసి, తర్వాత మూడు వారాలు రేడియేషన్ ఇచ్చే పద్ధతి ఉంది. మీ గడ్డ రెండు సెంటీమీటర్ల లోపే. మీకు అది కూడా కుదురుతుంది. పోయిన వారం చెప్పాను కదా."

మహాలక్ష్మి మరిది వంక తిరిగింది.

"అది కరెంటు పెట్టించుకోడానికి విశాఖ తిరగాలన్నారు కదండీ," అన్నాడు మనోహర్. "పదిహేను రోజులు. మావల్ల కాదని సెప్పీసాను."

"మీరు అప్పుడు ఈ గదిలో లేరా?" అని డాక్టరు మహాలక్ష్మిని అడిగింది.

"రక్తం తీయించుకోడానికి ఎల్లానండి."

డాక్టరు ఫైలు తెరిచింది. పోయిన గురువారం తేదీ కింద తన చేతి రాత ఉంది. రెండు పద్ధతులూ వివరించాను, మొత్తం తీసివేతకు ఒప్పుకున్నారు. ఎవరికి వివరించిందీ, ఎవరు ఒప్పుకున్నదీ అందులో లేదు. ఆమె ఆ వాక్యాన్ని కొట్టేసి, పక్కన ఆ రోజు తేదీ వేసింది.

"మళ్లీ మొదట్నించి చెప్తాను. ఈసారి మీకు చెప్తాను. రెండు పద్ధతుల్లోనూ మనిషి బతికి ఉండే అవకాశం ఒకటే. గడ్డ వరకే తీస్తే అదే చోట మళ్లీ వచ్చే అవకాశం కొంచెం ఎక్కువ."

"నూటికి ఎన్నండి?"

ఆ ప్రశ్న డాక్టరును చాలామంది అడగరు.

మహాలక్ష్మి పలాసలో జీడి ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్లుగా గ్రేడింగ్ బల్ల దగ్గర పని చేస్తోంది. విరగని పప్పు ఒక వైపు, బద్దలు ఒక వైపు, ముక్కలు ఒక వైపు. సరుకు కట్టే ముందు మేస్త్రీ గంపలోంచి గుప్పెడు తీసి ఆమె ముందు పోస్తాడు. అందులో నూటికి ఎన్ని విరిగాయో ఆమె చూసి చెబుతుంది. లెక్కపెడితే ఒకటి అటో ఇటో ఉంటుంది. ఆ బల్ల దగ్గర కూర్చునే ఆడవాళ్లు వానలైనా, పెళ్లిళ్లైనా, పిల్లల పరీక్షలైనా నూటికి ఎన్ని అనే అడుగుతారు.

డాక్టరు తెల్ల కాగితం తీసుకుని వరసకు పది చొప్పున వంద చుక్కలు పెట్టింది. కింది వరసలో చివరి నాలుగు చుక్కల చుట్టూ సున్నా చుట్టింది.

"గడ్డ వరకే తీసి రేడియేషన్ ఇస్తే, పదేళ్లలో అదే చోట మళ్లీ వచ్చేది వందమందిలో సుమారు ఇంతమందికి."

మహాలక్ష్మి కాగితాన్ని దగ్గరకు లాక్కుంది.

"ఇలా వరసగా ఒక మూల పెట్టీత్తే నాకు తెల్దండి. కలిపీసి పెట్టండి."

"కలిపా?"

"సరుకు అలా రాదు కదండీ. ఎక్కడ పడితే అక్కడ ఉంటాది."

డాక్టరు మరో కాగితం తీసింది. చుక్కలు చెల్లాచెదురుగా పెట్టింది. వాటిలో అక్కడక్కడ నాలుగింటికి సున్నా చుట్టింది. మూడో కాగితం మీద అలాగే వంద పెట్టి, రెండింటికి చుట్టింది. "ఇది మొత్తం తీసేస్తే."

మహాలక్ష్మి రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చూసింది. మనోహర్ గోడ గడియారం వైపు చూశాడు.

"నూటికి నాలుగు ఇరిగితే సరుకు ఎనక్కి రాదండి," అంది ఆమె. "ఐదు దాటితే వొస్తాది."

"నేను చెప్పినవి సుమారు లెక్కలు. మీకు ఏమవుతుందో ఎవరూ చెప్పలేరు. ఇంకో సంగతి. మొత్తం తీసేసినా, చంకలో గ్రంథుల్లోకి పాకి ఉంటే రేడియేషన్ తప్పకపోవచ్చు. అది ఆపరేషన్ అయితే గాని తెలీదు."

ఈ మాట మనోహర్‌కూ కొత్తది. "అంటే తీసేసినా విశాఖ తిరగాలా అండి?"

"తిరగాల్సి రావచ్చు. పోయిన వారం నేనిది చెప్పినప్పుడు మీరు ఫోన్ మాట్లాడుతున్నారు."

మహాలక్ష్మి కూడా గడియారం చూసింది. పదకొండూ నలభై.

"తొందరగా వెళ్లాలా?" అంది డాక్టరు.

"ఒంటిగంటకి పలాసలో ఉండాలండి. మా ఆయన్ని మిసను మీద ఎక్కించాలి."

"ఏ మిషను?"

మనోహర్ నేల చూశాడు. మహాలక్ష్మి చెప్పింది. ఆమె భర్త వైకుంఠరావుకు మూడేళ్లుగా డయాలసిస్. మంగళవారం, గురువారం, శనివారం. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి ఐదు వరకు.

డాక్టరు ఫైల్లో రెండో పేజీ తిప్పింది. ఇంట్లో ఎవరికైనా దీర్ఘకాలిక జబ్బులున్నాయా అన్న ప్రశ్నకు ఎదురుగా 'లేవు' అని ఉంది. రోగికి కిడ్నీ పరీక్షలు ఎప్పుడైనా చేశారా అన్నదానికీ 'లేదు' అని ఉంది.

"ఇది ఎవరు చెప్పారు?"

"నేనేనండి," అన్నాడు మనోహర్.

"ఎందుకు?"

కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న తమ ఉద్దానం ఊళ్లలోకి రక్తం తీసుకోడానికి ఎన్నో బృందాలు వచ్చాయి. కాగితాల మీద ప్రశ్నలు అడిగి, సీసాలు నింపుకుని వెళ్లాయి. ఉంది అంటే ఇంకో ఇరవై ప్రశ్నలు. లేదు అంటే పక్కింటికి వెళ్తారు. బయటి ఊళ్లలో కిడ్నీ మాట చెబితే సంబంధాలు వెనక్కి పోతాయి. అందుకని ఆ ప్రశ్నకు ఊళ్లో అందరూ నేర్చుకున్న జవాబు ఒకటే.

"కిడ్నీ అంటే ఇంకో డాక్టరు దగ్గరికి పంపేత్తారేమోనని," అన్నాడు మనోహర్. "ఆలీసం అయిపోద్దని."

"నేను రాసే మందులు ఆమె కిడ్నీని బట్టి రాయాలి. ఆమె ఇంటి పరిస్థితిని బట్టి కూడా రాయాలి." డాక్టరు గొంతు పెంచలేదు. "మహాలక్ష్మి గారూ, మీకు క్రియాటినిన్ పరీక్ష చేయించారా?"

"ఒకటీ పాయింటు ఒకటండి. ఆగస్టులో."

"గుర్తుందే!"

"మా ఊళ్లో అందరికీ గుర్తుంటాదండి."

మళ్లీ పరీక్ష రాసి, ఆ చీటీ మనోహర్‌కి ఇచ్చి ల్యాబులో డబ్బు కట్టి రమ్మంది డాక్టరు. అతను లేచాడు. తలుపు మూసుకుంది.

"ఇప్పుడు చెప్పండి. మీకేం కావాలి?"

"తమరైతే ఏటి సేత్తారండి?"

"నా భర్త డయాలసిస్ మీద లేడు. నేను పలాసలో పనిచెయ్యను. మీకేది ముఖ్యమో చెప్తే, దానికి ఏ పద్ధతి దగ్గరో నేను చెప్తాను."

మహాలక్ష్మి చీర కొంగు కుడి భుజం మీదకు లాక్కుంది.

"ఉంచుకోవాలనుందండి. ఎవులికీ సెప్పలేదు. మా తోటికోడలు సుధారాణి అప్పుడే అంది, ఈ వయసులో దాంతో నీకేటి పనే అని. నాకు కోపమొచ్చింది. పని ఉంటేనే ఉంచుకోవాలా? నాది అది. గానీ ఆయన మిసను ఒక్క రోజు ఆగకూడదు. ఆయన ఒక్కడూ ఎల్లడు. ఆ రెండూ ఎలాగ కుదురుతాయి? ఇందాక దాకా తీసీడమే దారనుకున్నాను. అలాగని సంతకం పెడదారంటే సెయ్యి రాలేదు."

డాక్టరు కాగితం మీద రాసింది. ఉంచుకోవాలని కోరిక. భర్త డయాలసిస్ ఆగకూడదు. రాసింది చదివి వినిపించింది.

"సరిగ్గా రాశానా?"

"సరిగ్గానే ఉందండి."

"ఒక వారం తీసుకోండి. వారానికి ఏమీ మారదు. నెలలు ఆగితే మారుతుంది. రెండూ ఎలా కుదురుతాయో ఇంట్లో మాట్లాడండి. కుదరకపోతే మొత్తం తీసేయడం తప్పు పని కాదు. అది కూడా మంచి వైద్యమే. వచ్చే గురువారం మీరే చెప్పండి."

బస్సు పలాస చేరేసరికి ఒంటిగంటా పది. వైకుంఠరావు డయాలసిస్ కేంద్రం గుమ్మం దగ్గర తువ్వాలు భుజాన వేసుకుని కూర్చుని ఉన్నాడు. పొద్దున్న పలాస దాకా మహాలక్ష్మే దిగబెట్టి టెక్కలి బస్సెక్కింది. పది నిమిషాలు ఆలస్యమని టెక్నీషియన్ సూర్యం విసుక్కున్నాడు. ఈయన లోపలికి రమ్మంటే రాలేదని, మా ఆవిడ రాలేదు అంటూ కూర్చున్నాడని చెప్పాడు.

వైకుంఠరావుకు యాభై నాలుగు. జబ్బు రాకముందు కొబ్బరి చెట్లెక్కేవాడు, తన చెట్లూ ఊరి చెట్లూ. ఇప్పుడు చెట్లను కింద నుంచే చూస్తాడు. రోజుకు లీటరు నీళ్లే తాగాలి. ఆ లీటరు పొద్దున్నే సీసాలో పోసి ఇచ్చేది మహాలక్ష్మి. సూదులు గుచ్చినప్పుడు పక్కన నిలబడేదీ, తీశాక దూది అదిమి పట్టుకునేదీ ఆమే.

మిషను తిరగడం మొదలయ్యాక ఆమె స్టూలు లాక్కుని మంచం పక్కన కూర్చుంది. టెక్కలిలో జరిగింది చెప్పింది. పక్క మంచం మీద మందస అవతల సముద్రం ఒడ్డు ఊరి నుంచి వచ్చే కన్నయ్య ఉన్నాడు. సముద్రం మీద వేటకెళ్లేవాడు. అతను కళ్లు మూసుకున్నాడు.

"అయితే రొమ్ము తియ్యక్కర్లేదా?" అన్నాడు వైకుంఠరావు. గదిలో ఆరు మంచాలున్నాయి. ఆరింటికీ వినిపించింది.

"మెల్లిగా మాట్లాడు మావా."

"మెల్లిగానే అన్నాను. మరి ఎందుకు సంతకం పెట్టలేదు?"

"ఉంచుకుంటే పదిహేను రోజులు విశాఖలో ఉండాలి. నువ్వెలాగెల్తావ్?"

వైకుంఠరావు పైకప్పు చూశాడు.

"నాకోసం తీయించేసుకుందారనుకున్నావా?"

ఆమె అతని కాళ్ల మీద దుప్పటి సర్దింది.

"మూడేళ్లయింది. ఈ సూదులు నాకు తెల్దా? ఈ దోవ తెల్దా? నేనేం సంటిపిల్లోడినా?"

"ఇందాక గుమ్మం దగ్గర కూకున్నదెవులు?"

"నువ్వొత్తానన్నావు కదా. అందుకు కూకున్నాను."

"నీళ్లో? నేను నేకపోతే కుండ ఖాళీ సేసీవూ?"

"సీసాలో పోసుకోడం నాకు రాదా?"

కన్నయ్య కళ్లు తెరిచాడు. "బావా, మా ఆటో మీ ఊరి రోడ్డు మీదినుంచే వొత్తాది. మంగళ, గురు, శని. ఇన్నాళ్లూ మీరిద్దరూ బస్సులో వొత్తన్నారని నేనడగనేదు."

"నిద్దరోతన్నావనుకున్నాను," అన్నాడు వైకుంఠరావు.

"ఇక్కడ ఎవులు నిద్దరోతారు బావా? నాలుగు గంటలూ మీ కబుర్లే కదా మాకు రేడియో." మహాలక్ష్మి వైపు తిరిగాడు. "నువ్వెల్లమ్మా. నేను లాక్కొత్తాను. రాకపోతే వల వేసి లాక్కొత్తాను."

శనివారం చూద్దామనుకున్నారు. శనివారం పొద్దున్న మహాలక్ష్మి లీటరు సీసా నింపి గూట్లో పెట్టి ఫ్యాక్టరీకి వెళ్లిపోయింది. ఫ్యాక్టరీలో ఫోన్లు గేటు దగ్గర ఇచ్చెయ్యాలి. ఆ రోజు గుప్పెడు పప్పు చూసి నూటికి ఏడు అని చెప్పింది. మేస్త్రీ లెక్కపెడితే నాలుగు ఉన్నాయి. మేస్త్రీ ఆమె ముఖం చూసి పప్పు మళ్లీ గంపలో పోసేశాడు.

సాయంత్రం ఆరున్నరకు ఇంటికొచ్చేసరికి వైకుంఠరావు మంచం మీద ఉన్నాడు. చేతి మీద పట్టీ ఉంది. సీసాలో పావు వంతు నీళ్లున్నాయి.

"ఎన్నింటికెల్లావు?"

"పదకొండున్నరకే. కన్నయ్య తొందర."

"దూది ఎవులు పట్టుకున్నారు?"

"నాకింకో సెయ్యి ఉంది కదే."

నవంబరు పదమూడున ఆమె టెక్కలి వెళ్లింది. మనోహర్ వెంట ఉన్నాడు గాని డాక్టరు గదిలో కుర్చీ వెనక్కి జరుపుకుని కూర్చున్నాడు. క్రియాటినిన్ ఒకటీ పాయింటు ఒకటి వచ్చింది. గడ్డ వరకే తీయించుకుంటానని, రేడియేషన్‌కి వస్తానని మహాలక్ష్మి చెప్పింది.

"ఇంట్లో ఎలా కుదురుతుంది?" అని డాక్టరు అడిగింది. ఆటో సంగతి, శనివారం సంగతి ఆమె చెప్పింది. విశాఖలో పిన్ని కూతురు పోలమ్మ ఇంట్లో ఉంటానంది.

"మధ్యలో కుదరకపోతే?"

"ఫోను సేత్తానండి. మీకే సేత్తాను."

కొత్త కాగితం వచ్చింది. మహాలక్ష్మి మొదటి గీత మీద సంతకం పెట్టి పెన్ను మరిదికి ఇచ్చింది. మనోహర్ కాగితం అంతా చదివి సంతకం పెట్టాడు.

బయటికొచ్చాక అడిగాడు, "ఊళ్లో అడిగితే ఏటి సెప్పాలి వొదినా? ముందు మా సుధారాణే అడుగుద్ది."

"నన్నడగమను. నువ్వు సెప్పక్కర్లేదు."

"నా పని పోయినట్టే అయితే."

"నీ పని ఎక్కడికీ పోదు బాబూ. బస్సు ఎన్నింటికో సూడు."

నవంబరు ఇరవై ఒకటిన విశాఖలో ఆపరేషన్ అయింది. పది రోజులకు రిపోర్టు వచ్చింది. తీసిన ముక్క అంచుల్లో క్యాన్సర్ లేదు. చంకలో తీసిన మూడు గ్రంథుల్లోనూ లేదు. సెలైన్‌లో ఎక్కించే కీమో మందు గురించి డాక్టరు విడిగా కూర్చుని మాట్లాడింది. ఆమె రకం గడ్డకు ఆ మందు వల్ల అదనంగా మేలు జరిగేది నూటికి ఒకరికో ఇద్దరికో అని చెప్పింది. ఈసారి చుక్కలు కలిపే పెట్టింది. మందు వద్దని, ఐదేళ్లు రోజూ మాత్ర వేసుకోవాలని డాక్టరూ మహాలక్ష్మీ ఇద్దరూ అనుకున్నారు. ఆ మాట ఫైల్లో 'ఇద్దరం' అనే ఉంది.

రేడియేషన్ జనవరి పంతొమ్మిది, సోమవారం మొదలైంది. రోజూ పావుగంట పని. మిగతా రోజంతా పోలమ్మ ఇంట్లో.

రెండో వారంలో, ఇరవై తొమ్మిదిన, గురువారం రెండున్నరకు సూర్యం ఫోన్ చేశాడు. వైకుంఠరావు రాలేదు. ఆ రోజు కన్నయ్య ఇంట్లో పెళ్లి ఉండి పొద్దుటి షిఫ్టుకు వెళ్లిపోయాడు. మహాలక్ష్మి భర్తకు ఫోన్ చేసింది.

"కొబ్బరికాయల లారీ వొచ్చిందే," అన్నాడతను. "కాయలు ఏరి ఇవ్వకపోతే సిన్నవి నాకొదిలీసి పోతారు. ఒక్క రోజే కదా."

"రేపొచ్చీనా?"

"ఎందుకు?"

"నిన్ను మిసను మీద ఎక్కించడానికి."

"నీ కరెంటో?"

"ఆపేత్తాను."

ఫోన్లో లారీ చప్పుడు వినిపించింది. మనుషులు కాయలు విసురుతున్నారు.

"వొద్దు," అన్నాడు వైకుంఠరావు. "అక్కడే ఉండు. సనివారం ఎల్తాను."

"సనివారం దాకా ఎన్ని నీళ్లు తాగుతావో నాకు సెప్పు."

"సగం సీసా."

"పోలమ్మ ఫోనులో సూపించు సీసా. పొద్దున్నా సాయంత్రం."

శుక్రవారం పొద్దున్నా సాయంత్రం, శనివారం పొద్దున్న అతను వీడియో కాల్‌లో సీసా చూపించాడు. శుక్రవారమే ఆమె డాక్టరుకు ఫోన్ చేసి జరిగింది చెప్పింది. ఆయాసం వస్తే ఆగకుండా వెంటనే తీసుకెళ్లమని డాక్టరు చెప్పింది. ఆ మాట మహాలక్ష్మి మనోహర్‌కి ఫోన్లో చెప్పింది. మనోహర్ ఆ రాత్రి అన్నయ్య ఇంట్లోనే పడుకున్నాడు. శనివారం పన్నెండింటికి అతనే వెంట ఉండి తీసుకెళ్లాడు. వైకుంఠరావు ఉండాల్సిన బరువు కన్నా నాలుగు కిలోల రెండు వందల గ్రాములు ఎక్కువ ఉన్నాడు. మిషను మీద నాలుగు గంటలకు బదులు ఐదు గంటలు పడుకున్నాడు.

ఆ తర్వాత మానలేదు.

జనవరి ఇరవై ఆరు సెలవు కావడంతో పదిహేనో రేడియేషన్ ఫిబ్రవరి తొమ్మిది, సోమవారానికి పడింది. పదకొండూ నలభైకి అయిపోయింది. చర్మం చంక దగ్గర నల్లబడింది. పూతమందు రాసిచ్చారు. మహాలక్ష్మి ఆ మధ్యాహ్నం రైలెక్కి సాయంత్రానికి పలాసలో దిగింది.

మంగళవారం పదకొండున్నరకు కన్నయ్య ఆటో రోడ్డు మీద ఆగి హారన్ కొట్టింది. మహాలక్ష్మి చెప్పులు తొడుక్కోబోయింది.

"నువ్వెందుకు?" అన్నాడు వైకుంఠరావు. సీసా తీసుకుని వెళ్లి ఆటో ఎక్కాడు.

ఒంటిగంటా ఐదుకు మిషను మొదలైందని సూర్యం ఫోన్ చేసి చెప్పాడు.